పన్నెండుమంది పార్టీ

అర్థశాస్త్రం మొదటి అధికరణంలో కౌటిల్యుడు గూఢచారులను వారు ధరించే వేషాలనుబట్టి విభజిస్తాడు. కాపటికుడు, ఉదాస్థితుడు, గృహపతికుడు, వైదేహకుడు, తాపసుడు అని వరుస. వీరిలో చివరివాడంటే నాకు మొదటినుండీ ఆసక్తి. ఈ తాపసవేషధారి నగరసమీపంలో పెద్ద శిష్యగణంతో మకాం పెడతాడు. నెలకో రెండునెలలకో ఒకసారి కాస్త ఆకుకూరో గుప్పెడు యవలో నలుగురూ చూస్తుండగా తింటాడు. చాటున మాత్రం కోరిన భోజనం చేస్తాడు. మా గురువుగారు సిద్ధుడు, జరగబోయేది చెప్పగలడు అని శిష్యులు ఊరంతా చాటుతారు. ఊరు నమ్ముతుంది. నమ్మిన ఊరు తన మనసులోని మాట ఆయన చెవిలో వేస్తుంది. ఆయన దానిని రాజుగారికి చేరవేస్తాడు.

నేను ప్రాచ్యకళాశాలలో చదువుకునే రోజులలో మా గురువుగారు ముద్రారాక్షసం పాఠం చెబుతూ ఈ భాగాన్ని ఎత్తుకునేవారు. ఆ నాటకంలో చాణక్యుడి సహాధ్యాయి ఇందుశర్మ క్షపణకవేషం వేసుకుని, జీవసిద్ధి అన్న పేరుతో రాక్షసమంత్రికి ప్రాణస్నేహితుడవుతాడు. చివరికి గుట్టు తెలిసినప్పుడు రాక్షసుడు పడే బాధ రాజ్యం పోయినప్పుడు కూడా పడలేదేమో అనిపిస్తుంది. ఇదంతా ప్రాచీనుల బుద్ధిచాతుర్యం, నేటి కాలంలో ఎవరు చేస్తారులే అని అప్పట్లో అనుకున్నాము. ఇరవయ్యో శతాబ్దంలో, అదీ ప్రజాస్వామ్యానికి పెట్టింది పేరైన ఒక ఐరోపా దేశంలో, ఆ సూత్రం దాదాపు తు.చ. తప్పకుండా అమలయిందని చాలా ఏళ్ళ తరువాత చదివి ఆశ్చర్యపోయాను. తాపసుడి స్థానంలో మావోయిస్టు, జటలస్థానంలో ఎర్రజెండా, అంతే తేడా.

ఆ దేశం నెదర్లాండ్సు. మనలో చాలామంది హాలెండు అనే అంటాము. ఆ పార్టీ పేరు నెదర్లాండ్సు మార్క్సిస్టు-లెనినిస్టు పార్టీ. దాని నాయకుడు క్రిస్ పేటర్సెన్. అసలు పేరు పీటర్ బూవే. వృత్తిరీత్యా లెక్కల మాస్టారు. ఆ పార్టీని స్థాపించినదీ, నడిపినదీ ఆ దేశపు అంతర్గత గూఢచారి సంస్థ. దానిని పొడి అక్షరాలలో బీ.వీ.డీ. అనేవారు; 2002లో పేరు మారింది.

సందర్భం కొంచెం చెప్పాలి. 1956లో స్టాలినును విమర్శిస్తూ కృశ్చేవ్ ప్రసంగించిన నాటినుండి సోవియట్ రష్యాకు, చైనాకు నడుమ పొరపొచ్చాలు పెరిగి, 1960ల మొదటి సంవత్సరాలకు బహిరంగ వాగ్యుద్ధమయ్యాయి. దాని ప్రకంపనలు మనదేశంలోనూ తగిలాయి. 1964లో ఇక్కడి కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలడానికి అదొక్కటే కారణం కాకపోయినా, అదీ ఒక కారణమే. నెదర్లాండ్సులో కమ్యూనిస్టు పార్టీ చిన్నది. దానిలోనుండి పెకింగువైపు మొగ్గినవారు మరీ చిన్నగుంపు. ఎక్కువమంది రాటర్‌డాము ఓడరేవు నగరానికి చెందినవారు. 1960ల నడుమ వీరు విడివడి తమ కేంద్రం ఒకటి పెట్టుకున్నారు.

పెకింగుకు ఐరోపాలో మిత్రులు కావాలి. ఐక్యరాజ్యసమితిలో చైనా స్థానం 1971 వరకు తైవాను ప్రభుత్వానిదే. ఐరోపా కమ్యూనిస్టు పార్టీలలో అధికభాగం మాస్కోవైపే ఉన్నాయి. ఒక్క అల్బేనియా మాత్రం తోడు. అటువంటి సమయంలో పదిమంది కలిసి మావోను కీర్తిస్తూ ఒక పత్రిక వేసినా పెకింగు నాయకులకు అది చల్లటి కబురే. బీ.వీ.డీ. పట్టుకున్న కీలకం ఇదే. మూసిన తలుపులు గల చైనాలోకి గూఢచారిని పంపడం దుర్లభం. చైనావారే పిలిచి పీట వేసే మనిషిని తయారు చేయడం సులభం.

బూవే అప్పటికే సంస్థకు తెలిసినవాడు. 1957లో మాస్కోలో జరిగిన ప్రపంచ యువజనోత్సవానికి వెళ్ళివచ్చాడు. 1960ల చివర అతడి నాయకత్వాన కొత్త పార్టీ వెలిసింది. ‘డె కొమ్యూనిస్ట్’ అని ఒక పత్రిక వచ్చింది. అందులోని రాతలు ఎక్కువగా గూఢచారి సంస్థ ఉద్యోగుల చేతిపనే. దానికయ్యే ఖర్చు చైనావారు భరించారు. ఈ ఒక్క సంగతి చాలు కౌటిల్యుడు పైనుండి చూసి తలపంకించడానికి. ఎవరిపై నిఘా వేయాలో వారి సొమ్ముతోనే నిఘా!

పేటర్సెన్ పెకింగుకు అనేకసార్లు వెళ్ళాడు. సోదర పార్టీ అధినేతగా విందులు అందుకున్నాడు. చౌ ఎన్‌లై వంటి అగ్రనాయకుడితో భేటీ అయ్యాడు. సెలవులు అయ్యాక తిరిగివచ్చి పిల్లలకు లెక్కలు చెప్పుకునేవాడు. నేనూ ముప్పైయేళ్ళకు పైగా బడిపంతులుగా ఉన్నవాడిని కనుక ఈ భాగం దగ్గర కాసేపు ఆగిపోయాను. సెలవుల తరువాత వచ్చిన మాస్టారిని పిల్లలు ‘ఏ ఊరు వెళ్ళారండీ’ అని అడగక మానరు గదా. ఏం చెప్పి ఉంటాడు!

ఆ విందుల మాట చదువుతుండగా నాకు మనవైపు సంగతి ఒకటి జ్ఞాపకం వచ్చింది. 1967 జూలైలో పెకింగు పత్రిక నక్సల్బరీ తిరుగుబాటును వసంతకాలపు మేఘగర్జనగా కీర్తించింది. శ్రీకాకుళం కొండలలో దానిని వేదవాక్కుగా తీసుకున్నవారున్నారు. ‘చైనా ఛైర్మనే మా ఛైర్మన్’ అని మనదేశపు గోడలమీద వ్రాశారు. 1970లో ఇక్కడి పార్టీ తరఫున సౌరేన్ బోస్ రహస్యంగా పెకింగు చేరుకుంటే, చౌ ఎన్‌లై ఆయనకు విందు మాటలు చెప్పలేదు. ఒక దేశపు నాయకుడిని మరొక దేశపు పార్టీ తన నాయకుడిగా చెప్పుకోవడం తప్పని మందలించాడు. ఆ మందలింపు సారం 1972లో విశాఖపట్నం జైలులో ఉన్న ఆరుగురు నాయకులు వ్రాసిన బహిరంగలేఖతోగాని బయటి కార్యకర్తలకు సరిగా తెలియలేదు. ఈలోగా 1970 జూలైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయారు. సత్యం కూడా మాస్టారే. గిరిజనగ్రామంలో పిల్లలకు చదువు చెబుతూ ఆ దారిన నడిచినవాడు. ఆయన మార్గంతో నాకు ఏకీభావం లేదు. హింసను ఏ పేరుతో చేసినా నేను సమర్థించను. అయినా, నమ్మి ప్రాణమిచ్చినవారి ప్రతినిధికి అక్షింతలు, నమ్మని లెక్కల మాస్టారికి విందుభోజనం అన్న ఈ విడ్డూరం మింగుడుపడటం కష్టం. చౌ ఎన్‌లై చెప్పినది మంచిమాటే. అది నిజమైన మనిషికి దొరికిందంటే, ఒక విధంగా అది గౌరవమేనేమో. బాగా నటించేవాడిని ఎవరూ మందలించరు.

ఇంతకూ పార్టీలో ఎంతమంది? బయటికి వందలలో చెప్పుకున్నారు. నిజానికి ఎన్నడూ పన్నెండుమందికి మించలేదట. ఆ పన్నెండుమందికీ అది ప్రభుత్వం ఆడిస్తున్న బొమ్మలాట అని తెలియదు. నేను ఇంత వ్రాయడానికి కారణం ఈ పన్నెండుమందే. పేటర్సెన్ సాహసం విన్నవారు నవ్వుతారు, మెచ్చుకుంటారు. 2004లో పత్రికలవారు కూడా అలాగే వ్రాశారు: మావోనే బోల్తా కొట్టించిన లెక్కల మాస్టారు అని. ఆ నవ్వులో ఈ పన్నెండుమంది కొట్టుకుపోయారు.

కౌటిల్యుడు శిష్యులను గురించి చెప్పాడు. వారు గురువు మహిమను చాటాలి. అంటే వారూ వేషంలో భాగస్థులే. నిజంగానే తపస్సు నేర్చుకుందామని వచ్చి, ఆ ఆకుకూర ఉపవాసం తానూ చేసి, చాటుభోజనం సంగతి ఎరగనివాడి మాట అర్థశాస్త్రంలో లేదు. రాజుకు వాడితో పని లేదు. వాడి నష్టాన్ని లెక్కకట్టే పద్దు ఏ రాజ్యపు ఖాతాలోనూ ఉండదు. నెదర్లాండ్సులో మాత్రం అటువంటివారు పన్నెండుమంది తేలారు. సమావేశాలకు వచ్చారు, పత్రిక చదివారు, చందాలు కట్టారు, తమ నాయకుడు పెకింగు వెళ్ళివచ్చాడని గర్వించారు. బ్రతుకులో కొన్ని సంవత్సరాలు ఒక ఆశయానికి ఇచ్చామనుకున్నారు. అవి వెళ్ళి చేరినది ఏదో కార్యాలయంలోని దస్త్రంలోకి.

ఇక్కడ ఇంకొక సంగతి. అదే దేశంలో, అదే సంవత్సరాలలో, నిజమైన మావోయిస్టు పార్టీ మరొకటి పుట్టింది. దాని కథ తెలిస్తేగాని దీని కథ పూర్తిగా తెలియదు.

రాటర్‌డాము గుంపులో డాన్ మోన్యే అనే కార్మికనాయకుడు ఉండేవాడు. 1970లో ఆ ఓడరేవులో పెద్ద సమ్మె జరిగింది. యూనియన్ల పిలుపు లేకుండా కార్మికులు తామే దిగిన సమ్మె అది. దానిలో మావోయిస్టులు చురుకుగా పనిచేశారు. మరుసటి సంవత్సరమే గుంపు చీలింది. చదువుకున్నవారి మాట నెగ్గాలా, కార్మికుల మాట నెగ్గాలా అన్నదే తగవు. 1971 అక్టోబరులో మోన్యే వర్గం వేరే పార్టీ అయింది. మొదట మార్క్సిస్టు-లెనినిస్టు కమ్యూనిస్టు పార్టీ అన్నారు. 1972లో ఆ పొడుగు పేరు మానేసి సోషలిస్టు పార్టీ అని పెట్టుకున్నారు. అప్పటి రాతలో ఒక తమాషా ఉంది. సోషలిస్టు అన్న మాటను డచ్చి వ్యాకరణం ఒప్పని వర్ణక్రమంతో, పలికినట్టే వ్రాశారు. అప్పటి వామపక్షీయులలో అదొక అలవాటు. ఇరవయ్యేళ్ళ తరువాత, 1993లో, పద్ధతి ప్రకారం దిద్దుకున్నారు. మన గిడుగువారు వింటే మొదటి రాతనే మెచ్చేవారు. నా చిన్ననాటి వ్యాకరణం గురువుగారు రెండవదానిని.

ప్రజలవద్దకు వెళ్ళు, వారి మాట విను, దానిని విధానంగా మలిచి వారికే తిరిగి అందించు అన్నది మావో చెప్పిన ప్రజాపంథా. ఈ పార్టీవారు దానిని అక్షరాలా తీసుకున్నారు. విద్యార్థులు చదువు మానుకుని కర్మాగారాలలో చేరారు. అద్దెయిళ్ళవారికి ఒక సంఘం పెట్టారు. గోడల చెమ్మ, పెరిగే కిరాయి, కర్మాగారపు పొగ, ఇవే కరపత్రాల విషయాలు. దక్షిణాన ఓస్ అని ఒక ఊరు ఉంది. కాథలిక్కుల ఊరు. మాంసపు కర్మాగారాలు, తివాచీ మిల్లు, మందుల తయారీ సంస్థ, వాటిలో పనిచేసే కూలీలు. అక్కడ పార్టీకి చెందిన వైద్యులు ఒక వైద్యశాల నడిపారు. 1974 పురపాలక ఎన్నికలలో ఓస్ ప్రజలు ఈ పార్టీవారిని సభకు పంపారు. చర్చికి క్రమం తప్పకుండా వెళ్ళే అవ్వలు మావోయిస్టులకు వోటు వేశారన్నమాట. వేసినది మావోకు కాదు, తమ జ్వరం చూసిన వైద్యుడికి.

ఆ ఊరి కుర్రవాడే యాన్ మరైనిస్సెన్. 1952లో పుట్టాడు. వెల్డరుగా పనిచేశాడు. ఇరవయ్యేళ్ళు దాటీదాటకముందే పురసభలో సభ్యుడయ్యాడు.

ఓస్ వంటి ఊళ్ళలో పనిచేసేకొద్దీ పెకింగు దూరమయింది. 1972లో నిక్సన్ పెకింగు వెళ్ళాడు. 1973లో చిలీలో అయెందే ప్రభుత్వాన్ని సైన్యం కూలదోస్తే, చైనా ఆ సైనిక ప్రభుత్వంతో సంబంధాలు తెంచుకోలేదు. ఐరోపాలోని నిజమైన మావోయిస్టులకు ఇవి నిద్రపట్టని రాత్రులు. కొందరు చీలారు, కొందరు మానేశారు, కొందరు అల్బేనియా వైపు తిరిగారు. మోన్యే పార్టీ చడీచప్పుడు లేకుండా మావో పటాలు దించేసుకుంది. 1970ల చివరికి అది తనను మావోయిస్టని చెప్పుకోవడమే మానింది.

బూవే పార్టీ మానలేదు. మావో మరణించినా, ఆయన భార్యను జైలులో పెట్టినా, డెంగ్ గద్దెనెక్కి పాత సిద్ధాంతాలను తలక్రిందులు చేసినా, అల్బేనియా చైనాతో తెగతెంపులు చేసుకున్నా, దానికి ఏ సంకటమూ లేదు. పెకింగు నేడు ఏమంటే అది. నిన్నటి మాటకు నేటి మాట పొసగడంలేదే అని బాధపడాలంటే నిన్నటి మాటను నమ్మి ఉండాలి గదా. ఆ విధంగా, నెదర్లాండ్సులో పెకింగుకు కడదాకా విధేయంగా నిలిచిన పార్టీ గూఢచారులు నడిపిన పార్టీయే అయింది! 1990ల తొలినాళ్ళలో, ప్రచ్ఛన్నయుద్ధం ముగిసి ఇక అక్కరలేకపోయాక, దానిని మూసివేశారు.

భాష బోధించినవాడిగా నాకు ఇందులో ఒక పాఠం ఉన్నట్లు తోస్తుంది, మిత్రులు విభేదించవచ్చు. సిద్ధాంతశుద్ధమైన వాక్యం వ్రాయడానికి నమ్మకం అక్కరలేదు. ఛందస్సు తప్పని పద్యం వ్రాయడానికి కవిత్వం అక్కరలేనట్లే. గణాలు సరిపోతాయి, యతి కుదురుతుంది, పద్యంలో ప్రాణం ఉండదు. ‘డె కొమ్యూనిస్ట్’ను పెకింగులో చదివినవారికి అందులో దోషం కనబడలేదు. దోషం లేకపోవడాన్నే వారు సత్యమనుకున్నారు.

1980ల చివర నేను ఒక మండలకేంద్రంలో తెలుగు పండితుడిగా ఉన్నాను. ఆ రోజులలో గోడమీది నినాదాలు ఎవరు వ్రాస్తారో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. అంతకు రెండేళ్ళ ముందు పదోతరగతి ముగించి వెళ్ళిన పిల్లవాడొకడు ఒక సాయంకాలం ఇంటికి వచ్చాడు. చేతిలో మడతపెట్టిన కాగితం. ‘మాస్టారూ, తప్పులుంటే దిద్దండి. తప్పులతో వేస్తే జనం నవ్వుతారు’ అన్నాడు. చదివాను. మూడొంతులు ఎక్కడో చూచి ఎత్తి వ్రాసిన మాటలు. సామ్రాజ్యవాదం, దళారీ నిరంకుశత్వం, అర్ధవలస. ఒక్క తప్పు లేదు వాటిలో. చివర నాలుగు వాక్యాలు మాత్రం వాడి సొంతం. తమ ఊరి చెరువు తూము ఎవరి పొలంవైపు తెరుచుకుంటుందో, ఎవరి మడి ఎండుతుందో, గుంటలతోసహా వ్రాశాడు. తప్పులన్నీ అక్కడే ఉన్నాయి. ఒత్తులు పోయాయి, ‘ళ’ బదులు ‘ల’ పడింది. ఎర్రసిరాతో దిద్ది ఇచ్చాను. ‘ఈ మొదటి పేజీ తీసేసి ఈ నాలుగు వాక్యాలే వేయరాదుట్రా’ అన్నాను. వాడు నవ్వి, ‘అది లేకపోతే పార్టీ కాగితంలాగ ఉండదండీ’ అన్నాడు. తరువాత వాడు ఆ ఊళ్ళో కనిపించలేదు. తల్లి రెండుమూడేళ్ళు బడి గేటు దగ్గరకు వచ్చి, మీతో ఏమన్నా చెప్పాడా సారూ అని అడిగేది. వాడు తిరిగి రాలేదు.

వాడు మోసపోయాడని నేను అనను. తూము నిజం. ఆ నాలుగు వాక్యాలు ఏ గూఢచారి సంస్థా వ్రాయించలేదు. మొదటి పేజీని మాత్రం ఎవరైనా వ్రాయగలరు. ఆ పని మీద జీతం తీసుకునేవారు ఇంకా బాగా వ్రాయగలరు.

సోషలిస్టు పార్టీని పొగడి వదిలేస్తే అదీ అన్యాయమే. మోన్యే తన పార్టీని గుప్పిట్లో పెట్టుకుని నడిపాడు. పైవారు చెబితే క్రిందివారు వినడమే అక్కడి పద్ధతి. మావో పటం దించినంత సులభంగా ఆ అలవాటు దిగలేదు. 1983లో వలస కార్మికులను గురించి ఒక పుస్తకం వేశారు. టర్కీ, మొరాకోలనుండి పనికోసం వచ్చినవారు డచ్చి పౌరులుగా మారి ఇక్కడే కలిసిపోవాలి, లేదా డబ్బు తీసుకుని స్వదేశం వెళ్ళిపోవాలి అని దాని సారాంశం. కార్మికుల ఐక్యతకోసమే ఈ మాట అన్నామన్నారు. తక్కిన వామపక్షాలవారు ఏహ్యంగా చూశారు. చూడటం సబబే. ప్రజల మాట వినడం అన్న సూత్రంలోని ప్రమాదం ఇది. ప్రజలు అన్న మాటలో ఎవరెవరు ఉన్నారో ముందే తేల్చుకోకపోతే, పొరుగింటివాడు ఆ లెక్కలోనుండి జారిపోతాడు.

ఎన్నికల లెక్క చిత్రమైనది. నెదర్లాండ్సు దిగువసభలో 150 స్థానాలు. నియోజకవర్గాలు లేవు. దేశమంతా ఒకటే లెక్క. వోట్లలో నూటయాభయ్యో వంతు వస్తే ఒక స్థానం. మనదేశంలో అయితే చిన్నపార్టీ ఒక తాలూకాలో బలంగా ఉన్నా గెలుస్తుంది. అక్కడ ఊరూరా కొంచెంకొంచెం ఉండాలి. సోషలిస్టు పార్టీ మొదటిసారి 1977లో పోటీ చేసింది. 0.3 శాతం వోట్లు వచ్చాయి. ఆ తరువాత 1981, 1982, 1986, 1989లలోనూ పోటీచేసి ఓడింది. పదిహేడేళ్ళు ఒక్క స్థానం లేకుండా, ఆదివారాలు ఇంటింటికీ తిరుగుతూ ఉండటానికి ఏదో ఒక మొండితనం కావాలి. అది మావోనుండి వచ్చిందో, ఓస్ మాంసపు కర్మాగారాలనుండి వచ్చిందో!

1986లో మోన్యే పోయాడు. 1988లో మరైనిస్సెన్ పార్టీ అధ్యక్షుడయ్యాడు. 1991లో లెనినిజానికీ వీడ్కోలు చెప్పారు. 1994 ఎన్నికలలో వారి నినాదం చాలా చిన్నది: వ్యతిరేకంగా వోటు వేయండి. గుర్తు టమాటా. నచ్చని నటుడిమీద విసిరేది. అప్పుడు రెండు స్థానాలు వచ్చాయి. నాలుగేళ్ళకు 5, 2002లో 9. 2005లో ఐరోపా రాజ్యాంగంపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, వద్దు అని తిరిగిన పార్టీలలో ఇది ముందున్నది, 61.5 శాతం జనం వద్దన్నారు. 2006 నవంబరులో 25 స్థానాలతో దేశంలో మూడవ పెద్ద పార్టీ అయి కూర్చున్నది. 0.3 శాతం ఎక్కడ, 16.6 శాతం ఎక్కడ!

అప్పటికి రెండేళ్ళ క్రితమే, 2004లో, ఫ్రిట్స్ హూక్‌స్ట్రా అనే మాజీ గూఢచారి అధికారి తన ఉద్యోగ జ్ఞాపకాలు పుస్తకంగా వేశాడు. బూవే పార్టీ గుట్టు లోకానికి తెలిసింది దానివల్లనే. బూవే కూడా విలేకరులతో మాట్లాడాడు. అలా రెండేళ్ళ వ్యవధిలో ఒక పార్టీ లేనేలేదని తేలింది, మరొక పార్టీ శాసనసభ నిండా కూర్చున్నది. రెండింటి పుట్టుకా ఒకే కాలం, ఒకే ఎర్రపుస్తకం.

తరువాతి కథ దిగుబాటే. 2008లో ఆరోగ్యం బాగులేక మరైనిస్సెన్ శాసనసభా పక్ష నాయకత్వం వదిలాడు. 2010లోనూ 2012లోనూ 15 స్థానాలు. 2017 చివర ఆయన కూతురు లిలియన్ నాయకురాలైంది. వారసత్వం అక్కడా ఉంది, మనమే కంగారుపడనక్కరలేదు. 2021లో 9, 2023లో 5, 2025 అక్టోబరులో 3. కార్మికుల వోట్లు వలసల వ్యతిరేకతే ప్రధానంగా గల మితవాదులవైపు పోయాయన్నది ఒక వివరణ. మరొక వివరణ నాకు ఎక్కువగా నచ్చుతుంది. వ్యతిరేకించడం ఇప్పుడు అన్ని పార్టీలూ నేర్చాయి, టమాటా అందరి సంచిలోనూ ఉంది. 2020, 2021లలో పార్టీలోని యువకులు కొందరు కమ్యూనిజం మాట ఎత్తితే, వారిని బయటికి పంపి యువజనసంఘంతో సంబంధం తెంచుకున్నారు. మావో పటం క్రింద పుట్టిన పార్టీ ఆ పని చేయడం విని మోన్యే నవ్వేవాడో, తానూ అదే చేసేవాడో.

ఒక ఆచారం మాత్రం పాతరోజులనుండి నిలిచింది. ఈ పార్టీ తరఫున గెలిచిన శాసనసభ్యుల జీతం పార్టీ ఖాతాకు పోతుంది. పార్టీ వారికి ఒక మామూలు ఉద్యోగి జీతమంత ఇస్తుంది. దీనిమీద కోపంతో వెళ్ళిపోయినవారూ ఉన్నారు. మన శాసనసభ్యులకు ఎవరైనా ఈ సంగతి చెబితే చూడాలని ఉంది.

ఇక పుస్తకాల మాట. అధికారి జ్ఞాపకాలు వచ్చాయి. మాస్టారి సాహసం పత్రికలకెక్కింది. సోషలిస్టు పార్టీ చరిత్రను ఆ దేశపు రాజనీతి పండితులు పరిశీలించారు. నేను చదవగోరేది వీటిలో ఏదీ కాదు. ఆ పన్నెండుమందిలో ఒకరి దినచర్య పుస్తకం. పెకింగు విందులు, సిద్ధాంత చర్చలు అందులో లేకపోయినా సరే. 1973లోనో 1974లోనో ఏదో ఒక శనివారం, ఏ ట్రాము ఆగేచోట నిలబడి, ఆ వానలో, తాను మనసారా నమ్మిన ఆ పత్రికను ఎన్ని ప్రతులు అమ్మాడో, ఎవరు కొన్నారో, ఇంటికి తిరిగివచ్చి తడిసిన బూట్లు విప్పుకుంటూ ఏమనుకున్నాడో, ఆ ఒక్క పేజీ చాలు.